బుద్ధుడు నిజంగా ఉన్నాడా? భట్టిప్రోలు భరిణె సాక్ష్యం

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద, కరువు భత్యం మీద రాసేవారు చాలామంది ఉన్నారు కనుక చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు నన్ను కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి బయటపడినవాణ్ణి. అయితే ఒక కాగితం దేనికి సాక్ష్యమో, దేనికి కాదో తేల్చుకోవడమే ఆ ఉద్యోగంలో అసలు పని. ఆ అలవాటుతోనే ఒక పెద్ద ప్రశ్న ఎత్తుకుంటున్నాను. బౌద్ధమతాన్ని స్థాపించిన గౌతమ బుద్ధుడు నిజంగా ఈ భూమి మీద నడిచిన మనిషేనా, లేక కథల్లో పుట్టినవాడా?

చిన్నప్పుడు వాచకంలో చదువుకున్నాం కదా, ఇందులో సందేహం ఏముంది అనవచ్చు. మనం బతికే ఉన్నామని ఏటా కాగితం దాఖలు చేసుకుంటే తప్ప ఖజానా వారు నమ్మరు. ఎదురుగా నిలబడిన మనిషికే ఈ గతి అయితే, రెండు వేల నాలుగు వందల ఏళ్ల క్రిందట పోయిన మనిషికి కాగితం ఎక్కడినుంచి వస్తుంది? నూటయాభై ఏళ్ల క్రిందట యూరపు పండితులు సరిగ్గా ఇదే అడిగారు.

మొదట అడిగినవాడు ఆక్స్‌ఫర్డులో సంస్కృతం చెప్పిన హొరేస్ హేమన్ విల్సన్ దొర. 1850 ప్రాంతాల్లో ఆయన ఒక ఉపన్యాసంలో, శాక్యముని అనే వ్యక్తి అసలు లేకపోయి ఉండవచ్చునన్నాడు. ఆయన పట్టుకున్న ఆధారం పేర్లు. తల్లి పేరు మాయ, అంటే భ్రాంతి. ఊరి పేరు కపిలవస్తు, అంటే సాంఖ్యం చెప్పిన కపిలుడి చోటు. కొడుకు పేరు సిద్ధార్థుడు, అంటే కోరినది సాధించినవాడు. తండ్రి శుద్ధోదనుడు, అంటే శుద్ధమైన అన్నం గలవాడు. ఇవన్నీ వేదాంతం చెప్పడానికి అల్లిన పేర్లే గాని మనుషుల పేర్లు కావని ఆయన వాదన.

విల్సన్ దొర గోదావరి డెల్టాలో నాలుగు రోజులు ఉండి ఉంటే శుద్ధోదనుడి దగ్గర ఆగేవాడు కాడని నా అభిప్రాయం. ఆ తండ్రి అన్నదమ్ముల పేర్లు కూడా గ్రంథాల్లో ఉన్నాయి. అమితోదనుడు, ధౌతోదనుడు, శుక్లోదనుడు. అంతా ఓదనమే, అంటే అన్నమే. లెక్కలేనంత అన్నం, కడిగిన అన్నం, తెల్లని అన్నం! హిమాలయాల దిగువన వరి పండించుకునే కుటుంబం కొడుకులకు పెట్టుకున్న పేర్లు ఇవి. వేదాంతం అల్లేవాడు నలుగురు అన్నదమ్ములకూ అన్నం పేరే ఎందుకు పెడతాడు?

ఆ తరువాత 1870 దశకంలో ఫ్రాన్సు దేశపు సెనార్ట్ పండితుడు ఇంకో దారి పట్టాడు. బుద్ధుడి కథంతా సూర్యుడి కథేనన్నాడు. ధర్మచక్రం సూర్యబింబం. పుట్టిన ఏడో రోజున తల్లి మాయ కన్నుమూయడమంటే పొద్దు పొడిచేసరికి మంచు విడిపోవడం. మారుడితో యుద్ధం అంటే చీకటితో యుద్ధం. హాలెండు దేశపు కెర్న్ పండితుడు ఇంకా ముందుకు వెళ్లి కథలో ప్రతి ఘట్టానికీ ఆకాశంలో ఒక నక్షత్రం చూపించాడు. న్యాయంగా చెప్పాలంటే సెనార్ట్ మాత్రం వెనకాల ఒక మనిషి ఉన్నాడని ఒప్పుకున్నాడు. ఆ మనిషి గురించి మనకేమీ తెలియదు, తెలిసిందంతా సూర్యుడేనన్నాడు.

ఈ సూర్యవాదం ఆ రోజుల్లో పెద్ద మోజు. దాన్ని వెక్కిరిస్తూ 1870లో ఒకాయన, మాక్స్‌ముల్లర్ పండితుడు కూడా మనిషి కాడు, సూర్యుడేనని అదే పద్ధతిలో రుజువు చేసి అచ్చువేశాడు. అంతకు ముందే ఇంకొకాయన నెపోలియన్ చక్రవర్తి విషయంలో ఇదే పని చేశాడు.

మనకూ ఒక ఉదాహరణ చేతిలోనే ఉంది. కడియానికి పక్కనే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కు ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర 1899లో పోయారు. ఆయన పోయి నూటపాతికేళ్లు దాటింది. ఈపాటికే ఆయన చుట్టూ కథలు అల్లుకున్నాయి. డెల్టాలో ఆయన విగ్రహం లేని పెద్ద ఊరు తక్కువ. పుష్కరాల రేవులో ఆయన పేరు చెప్పి తర్పణాలు వదిలేవారున్నారు. దేవుళ్ల పటాల పక్కన ఆయన పటం పెట్టుకున్న రైతులున్నారు. రేపు కాగితాలన్నీ తగలబడిపోయి కథలు మాత్రమే మిగిలాయనుకోండి. రెండు వేల ఏళ్ల తరువాత ఒక సెనార్ట్ పండితుడు వచ్చి ఏమంటాడు? కాటన్ అంటే దూది, దూది అంటే తెల్లమబ్బు, ధవళేశ్వరం అంటే తెల్లని ఈశ్వరుడు, కాబట్టి ఈయన నీళ్లు కురిపించే మేఘదేవత, మనిషి కాడు అంటాడు. అడ్డం చెప్పడం ఎవరి తరం?

నేను చూసినది ఇంతే. మనిషి చుట్టూ పురాణం అల్లుకోవడానికి వందేళ్లు చాలు. అయితే పురాణం అల్లుకున్నంత మాత్రాన మనిషి లేకుండా పోడు. ఆ రెంటినీ విడదీయడానికి రాత ఒకటి కావాలి. బుద్ధుడి విషయంలో అలాంటి రాతలు నేలలోంచి బయటపడటం మొదలయింది. వాటిలో బుద్ధుడి పేరూ, ఆయన ఎముకల మాటా కలిపి ఉన్న మొదటి రాతల్లో ఒకటి నేపాలులోనో బీహారులోనో కాదు, మన కృష్ణా డెల్టాలో దొరికింది.

భట్టిప్రోలు అప్పట్లో కృష్ణా జిల్లా, తరువాత గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. అక్కడి పెద్ద దిబ్బను ఊరివాళ్లు లంజదిబ్బ అనేవారు. అమరావతి స్తూపాన్ని దీపాలదిన్నె అన్నారు. గుంటుపల్లి గుహలోని రాతి స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడని కొలిచారు. స్తూపం కట్టినవారిని మరిచిపోయాక ఊరివాళ్లు తమకు తోచిన పేరు పెట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. తప్పంతా తరువాత జరిగింది. భట్టిప్రోలు దిబ్బలోని ఇటుకలు రోడ్డు పనికీ, చెక్కిన రాళ్లు కాలువ తూము పనికీ తరలిపోయాయి. ప్రభుత్వ పనికే సుమండీ! అమరావతిలోనూ అంతే. 1797లో మెకంజీ దొర చూడబోయేసరికే రాళ్లు చెదిరిపోయి ఉన్నాయి.

మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి తవ్వించాడు. నడిమధ్యన ఇటుకల గొట్టంలాంటి కట్టడంలో ఒకదాని దిగువన ఒకటిగా మూడు రాతి పెట్టెలు దొరికాయి. లోపల స్ఫటికపు భరిణెలు, బంగారు పువ్వులు, ముత్యాలు, ఒక చిన్న ఎముక తునక. పెట్టెల అంచుల మీదా మూతల మీదా చుట్టూ రాతలు. వాటిని వియన్నాలో ఉన్న బ్యూలర్ పండితుడు చదివాడు.

ఇక్కడ మనవాళ్ల మీద నాకో ఫిర్యాదు ఉంది. భట్టిప్రోలు పేరెత్తితే చాలు, తెలుగు లిపికి పుట్టిల్లని గొప్పగా చెప్పుకుంటాం. ఆ రాతలో ఏముందో ఒక్కరూ చెప్పరు. భాష ప్రాకృతం. ఒక పెట్టె మీద ఉన్న విషయం సుమారుగా ఇది: కురుడనే అతని తండ్రి, తల్లి, కురుడు, శివుడనే ఇంకొకరు కలిసి, బుద్ధుడి శరీర ధాతువులను ఉంచడానికి ఈ పెట్టెనూ స్ఫటిక భరిణెనూ చేయించారు. మరోచోట కుబిరకుడనే రాజు పేరుంది. ఇంకోచోట గోష్ఠి సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. వరుణుడు, పిగలకుడు, సమణదాసుడు, ఇలా. మన సంఘం భవన నిర్మాణానికి చందా ఇచ్చినవారి పేర్లు గోడ మీద చెక్కిస్తాం చూడండి, అచ్చం అదే. బ్యూలర్ లెక్క ప్రకారం ఇది క్రీస్తుకు పూర్వం 200 ప్రాంతపు రాత.

దీన్నిబట్టి ఏం తేలుతుంది? బుద్ధుడు ఉన్నాడని తేలిపోయిందా? తేలలేదు. ఆ కాలానికే కృష్ణా తీరంలో ఒక రాజు, ఒక వర్తక సంఘం, ఒక సంసారం కలిసి, చనిపోయి దహనమైన ఒక మనిషి ఎముక తమ దగ్గర ఉందని నమ్మారని మాత్రం తేలుతుంది. సూర్యుడికి ఎముకలుండవు కదా! సూర్యుణ్ణి కొలిచేవాడు బూడిదలోంచి ఏరిన తునకను భరిణెలో దాచుకోడు.

తరువాత ఐదేళ్లు తిరగకుండానే అసలు చోటు బయటపడింది. 1896 డిసెంబరులో నేపాలు తరాయిలోని లుంబినిలో అశోకుడి స్తంభం మీద రాత కనబడింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం తాలూకాఫీసులో పనిచేసినవారికే అర్థమవుతుంది. ఎందుకంటే అది శిస్తు మాఫీ ఉత్తర్వు! పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట రాజు స్వయంగా వచ్చి, బుద్ధ శాక్యముని ఇక్కడ పుట్టాడు గనుక పూజించి, రాతి స్తంభం నిలబెట్టించి, లుంబిని గ్రామానికి బలి అనే పన్ను తీసేసి, పంటలో రాజుకు రావలసిన భాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించాడు. ఆరో వంతు మామూలు. ఎవరు, ఎప్పుడు, ఏ గ్రామానికి, ఏ కారణం చేత, ఎంత తగ్గింపు, అన్నీ ఉన్నాయి. నా సర్వీసులో మాఫీ ప్రతిపాదనలు ఎన్నో రాశాను. వచ్చే ఆదాయం వదులుకునే ఉత్తర్వులో కారణం కాలమ్‌ను ఊరికే నింపరు.

అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. వాటిని దాటవేసి రాసేవాళ్లున్నారు గాని నాకది నచ్చదు.

మొదటిది ఫ్యూరర్ అనే అధికారి. లుంబిని తవ్వకం దగ్గర ఉన్నది ఆయనే. నేపాలు సేనాని ఖడ్గ శంషేర్ మనుషులు తవ్వారు, పేరు మాత్రం ఫ్యూరర్‌కు పోయింది. ఈయన బర్మా భిక్షువు ఒకాయనకు బుద్ధ ధాతువులని చెప్పి గుర్రపు పళ్లలాంటివి అంటగట్టినట్టు బయటపడి, 1898లో ఉద్యోగం వదులుకున్నాడు. అదే ఏడు అక్కడికి దగ్గరలోని పిప్రహవాలో పెప్పే అనే ఎస్టేటు దొర స్తూపం తవ్వి, ఎముకలూ, రత్నాలూ, రాత ఉన్న చిన్న భరిణె తీశాడు. అందులోనూ శాక్యులు, బుద్ధుడు, ధాతువులు అన్న మాటలే. దాన్ని ఎలా చదవాలో ఫ్లీట్ వంటి పండితులు తగువులాడుకున్నారు. ఫ్యూరర్ చెయ్యి సోకిందేమోనన్న అనుమానం చుట్టుపక్కల దొరికిన ప్రతిదాని మీదా పడింది. కాని గుమాస్తా తప్పుడు మనిషైనంత మాత్రాన ఫైల్లోని ప్రతి కాగితమూ దొంగదని కొట్టెయ్యలేం. లుంబిని రాత లిపి, భాష అశోకుడివేనని శాసన పండితుల్లో చాలామంది మాట. ఇక భట్టిప్రోలు సంగతి చూస్తే, ఫ్యూరర్ ఇటు తొంగి కూడా చూడలేదు. అందుకే మన భరిణె సాక్ష్యానికి ఎక్కువ విలువ ఉందంటాను.

రెండో చిక్కు పెద్దది. లుంబినికి కొద్ది దూరంలోనే నిగాలిసాగర్ దగ్గర అశోకుడిదే ఇంకో స్తంభం ఉంది. పట్టాభిషేకమైన పద్నాలుగో ఏట కనకముని బుద్ధుడి స్తూపాన్ని పెంచి కట్టించానని అందులో ఉంది. ఈ కనకముని గౌతముడికి ముందు ఎప్పుడో యుగాల క్రిందటి బుద్ధుడట. ఆయన్ను చారిత్రక వ్యక్తి అని ఎవరూ అనరు. మరి ఒక స్తంభం ఉన్నందువల్ల గౌతముడు ఉన్నాడంటే, ఇంకో స్తంభం ఉన్నందువల్ల కనకముని కూడా ఉన్నాడనవలసి వస్తుంది! రాజుగారు నమ్మారు అన్నదే రెండు స్తంభాలూ రుజువు చేసేది. బుద్ధుడి నిర్యాణానికీ అశోకుడికీ మధ్య సింహళ లెక్కలో 218 ఏళ్లు, ఉత్తరాది లెక్కలో 100 ఏళ్లు. అంత ఎడం తరువాతి మాట ఇది.

అందుచేత స్తంభం ఒక్కటే చాలదు, కథలో ఉన్న మనిషిని కూడా చూడాలి. కనకముని గురించి గ్రంథాల్లో ఉన్నదంతా అచ్చుపోసిన వరుస. తల్లి పేరు, చెట్టు పేరు, ఆయుర్దాయం వేల ఏళ్లు. గౌతముడి చివరి రోజుల కథ అలా లేదు. ఎనభై ఏళ్ల ముసలివాడు. తన ఒళ్లు తాళ్లతో కట్టి నెట్టుకొస్తున్న పాతబండిలా ఉందని శిష్యుడితో చెప్పుకుంటాడు. చుందుడనే కమ్మరి పెట్టిన భోజనం పడక రక్త విరేచనాలతో, పేరు లేని చిన్న ఊళ్లో పోతాడు. ఇంత చిన్న ఊళ్లో పోవద్దు, పెద్ద పట్నాలున్నాయి కదా అని శిష్యుడే బతిమాలుతాడు. కావాలని దేవుణ్ణి కల్పించేవాడు అతన్ని విరేచనాలతో చంపడు. పైగా బింబిసారుడు, అజాతశత్రుడు అన్న అవే రాజులు, బౌద్ధులతో పొసగని జైనుల గ్రంథాల్లోనూ ఉన్నారు. ఎదుటి పార్టీ రికార్డులో కూడా అదే సర్వే నంబరు ఉంటే మనం ఏమనుకుంటాం? 1881లో ఓల్డెన్‌బర్గ్ అనే జర్మను పండితుడు సెనార్ట్‌కు జవాబు రాసినప్పుడు ఈ దారినే నడిచాడు, గ్రంథాల్లో పాతవి వేరు, కొత్తవి వేరు చేసి చూపాడు.

ఇక తేదీ సంగతి. దీని మీదే మన సంఘం గదిలో ఇద్దరు మిత్రులకు మాటలు పోయాయి. ఒకరు బడిపంతులు చేసి విరమించినవారు, కోట వెంకటాచలం గారి పుస్తకాల అభిమాని. బెజవాడలో ఉండి కలిశకం లెక్కల మీద గ్రంథాలు రాసిన ఆ పండితుడు, పురాణ రాజవంశాల లెక్క ప్రకారం బుద్ధ నిర్యాణం క్రీ.పూ. 1807 అని తేల్చారు. పాశ్చాత్యులు మన చరిత్రను కావాలని కుదించారని వారి ఆరోపణ. ఇంకొక మిత్రుడు దళిత కుటుంబంలో పుట్టి, ఆఫీసు సూపరింటెండెంటుగా విరమించినవారు. ఇంట్లో అంబేద్కర్ పటం, బుద్ధుడి పటం తప్ప ఇంకోటి ఉండదు.

"మాస్టారూ, ఆయన్ని అంత వెనక్కి తోసి, పురాణాల్లో కలిపి, తరువాత అవతారాల వరుసలో నిలబెడతారా అండి? మా నాన్న తలవంచింది అవతారానికి కాదండి, మనిషికి" అన్నారు సూపరింటెండెంటు గారు.

"నేను ఎక్కువ గౌరవమే ఇస్తున్నాను కదండీ, పాతవాడంటే తక్కువా?" అన్నారు మాస్టారు.

"మాకు పాతవాడు అక్కర్లేదండి, ఉన్నవాడు కావాలి" అన్నారాయన. లేచి వెళ్లిపోయారు.

అప్పటిదాకా నేను దీన్ని తీరిక వేళ పండితుల తగువనుకునేవాణ్ణి. 1956 అక్టోబరు 14న నాగపూరులో లక్షల మంది బౌద్ధం తీసుకున్నప్పుడు వారు వదిలివచ్చింది దేవుళ్లను. వారికి ఆ స్థానంలో ఉన్నది ఒక మనిషి చెప్పిన మాట. ఆ మనిషే లేడంటే పోయేదేమిటో ఆ సూపరింటెండెంటు గారి ముఖంలో చూశాను. 1957లో వెలువడిన తన గ్రంథంలో అంబేద్కర్ గారు రోగి, ముసలివాడు, శవం కనబడితే రాకుమారుడు ఇల్లు వదిలాడన్న కథను ఒప్పుకోలేదు. ఇరవైతొమ్మిదేళ్ల వాడు అప్పటిదాకా ముసలివాణ్ణి చూడలేదా అని అడిగారు. శాక్యులకూ పక్కనున్న కోలియులకూ రోహిణి నది నీళ్ల మీద తగువు వస్తే, యుద్ధానికి ఒప్పుకోనందుకు ఇల్లు వదలవలసి వచ్చిందని రాశారు. నీళ్ల తగువు కథ పాత బౌద్ధ వ్యాఖ్యానాల్లోనే ఉంది, ఇల్లు వదలడంతో ముడివేసింది వేరే సంగతి. వంతు నీటి కోసం కాలువ గట్టు మీద తలలు పగలడం చూసిన డెల్టావాళ్లకు మాత్రం అది నమ్మలేని కథ కాదు.

మాస్టారి లెక్కకు నా అభ్యంతరం ఒక్కటే. అశోకుడి పదమూడో శాసనంలో అంతియోకుడు, తురమాయుడు మొదలైన ఐదుగురు యవన రాజుల పేర్లున్నాయి. గ్రీకు, ఈజిప్టు దేశాల రికార్డుల్లో వారి తేదీలు దొరుకుతాయి, అవి క్రీ.పూ. మూడో శతాబ్దం. ఆ పద్నాలుగు శాసనాల వరుస మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఉంది. వెంకటాచలం గారు వీరు వాయవ్యపు సరిహద్దు రాజులే, ఈజిప్టు వారు కారన్నారు. ఐదు పేర్లూ ఒకే కాలంలో అలా కుదరడం నాకు నమ్మశక్యంగా లేదు. అశోకుడు అక్కడ స్థిరపడితే బుద్ధుడు క్రీ.పూ. 1807లో ఉండలేడు. సింహళ లెక్క 544. దాని ప్రకారమే 1956లో 2500 ఏళ్ల జయంతి చేశాం. దిద్దిన లెక్క 486 లేదా 483. 1988లో జర్మనీలో బెకర్ట్ పండితుడు జరిపిన సదస్సు తరువాత చాలామంది 400 ప్రాంతానికి దించుతున్నారు.

ఈ ఫైలు మూయలేదు. 2013లో లుంబిని గుడి దిగువన కనింగ్‌హామ్ అనే పురావస్తు పండితుడి బృందానికి చెక్క కట్టడపు గుంతలు, చెట్టు వేళ్ల జాడలు దొరికాయి. క్రీ.పూ. ఆరో శతాబ్దమన్నారు. అది బౌద్ధుల చెట్టేనని రుజువేమిటని వేరేవారు అడిగారు, న్యాయమే. 2017లో కెనడాలోని డ్రూస్ అనే ఆచార్యుడు, బుద్ధుడి గురించి రుజువైన విషయం ఒక్కటి కూడా లేదని మళ్లీ రాశాడు. 2019లో జర్మనీకి చెందిన ఫాన్ హిన్యూబర్, నిర్యాణ సూత్రంలోని పాత భాషనూ, ఊళ్ల పేర్లనూ చూపించి జవాబిచ్చాడు. నా ఓటు హిన్యూబర్ వైపు. అయినా డ్రూస్ అడిగినదాన్ని కొట్టిపారెయ్యను. ఇంక్రిమెంటు మంజూరుకు ఎన్ని కాగితాలు కావాలో మనకు తెలుసు, ఆయన అడిగేది అదే.

మా కడియంలో 1870లో పుట్టిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు, తమ జంటకవి తిరుపతిశాస్త్రి గారితో కలిసి, ఆర్నాల్డు దొర 1879లో రాసిన ఇంగ్లీషు కావ్యాన్ని అనుసరించి బుద్ధచరిత్రము చెప్పారు. మన ప్రాంతపు చదువరుల్లో చాలామందికి బుద్ధుడు ఆ పద్యాలతోనే వచ్చాడు. ఇప్పుడు కడియపులంక నర్సరీల్లో మొక్కల పక్కన సిమెంటు బుద్ధుడు వస్తున్నాడు. తోటలో పెట్టుకుంటే ప్రశాంతంగా ఉంటుందని కొంటారు. ఎవరని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

పిప్రహవా రత్నాలను పెప్పే వారసులు 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలానికి పెట్టించబోగా మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగి, జులైలో అవి గోద్రెజ్ వారి సాయంతో దేశానికి తిరిగి వచ్చాయి. భట్టిప్రోలు వస్తువులు మాత్రం మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ఆ ఎముక తునకను 1920లో బెంగాలు గవర్నరు రొనాల్డ్‌షే ప్రభువు కలకత్తాలో మహాబోధి సంఘం వారికి అప్పగించగా, ధర్మరాజిక విహారంలో ఉంచారు. ఇప్పుడు భట్టిప్రోలులో చూడటానికి మిగిలింది ఇటుకల దిబ్బ. తెనాలి, రేపల్లె రైలుమార్గంలో ఊరికి స్టేషనుంది. కార్తీకమాసం వనభోజనాలకు ఈ ఏడు అటు వెళదామని కార్యవర్గం ముందు ప్రతిపాదన పెట్టాను. మాస్టారు వస్తామన్నారు. సూపరింటెండెంటు గారు, ఆ గోష్ఠి సభ్యుల పేర్ల జాబితా తెలుగులో రాసిపెడితే తానూ వస్తామన్నారు. రాయడం మొదలుపెట్టాను.